ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా? విశాఖ ఎండకీ ఉప్పుగాలికీ తగ్గట్టు

ఆటోమేటిక్ కారు ఉన్నవాళ్ళు ఇంజిన్ ఆయిల్ తేదీ ఠంచనుగా గుర్తుపెట్టుకుంటారు, గేర్‌బాక్స్ ఆయిల్ ఊసే ఎత్తరు. "అది లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, ముట్టుకోనక్కర్లేదు" అని కొన్నప్పుడే ఎవరో ఒకరు చెప్పేసి ఉంటారు. ఆ మాట నమ్మొద్దు. మీ బండితో వచ్చిన మాన్యువల్ పుస్తకం తీసి, చివరి పేజీల్లో కఠినమైన వాడకం అంటూ ఇచ్చిన జాబితా చదవండి. ఆగి ఆగి నడిచే ట్రాఫిక్, పదే పదే కొండ రోడ్లు, దుమ్ము, ఉప్పు తగిలే ప్రాంతాలు, మండే ఎండలో నడపడం, ఇవన్నీ చాలా కంపెనీల మాన్యువల్స్‌లో కనిపిస్తాయి. రోజూ సాయంత్రం ఎన్ఏడీ జంక్షన్ మీదుగా ఇంటికొచ్చి, అప్పుడప్పుడు సింహాచలం కొండెక్కి, సెలవులకి అరకు ఘాట్ రోడ్డు తిరిగి, రాత్రికి బీచ్ రోడ్డు పక్క వీధిలో ఉండే బండికి ఆ జాబితాలో తగలనిదంటూ ఏమీ లేదు. నా లెక్కలో మన ఊరి బండికి 60 వేల కిలోమీటర్ల దగ్గర ఆయిల్ మార్చడం మంచిది. మాన్యువల్‌లో ఇంతకంటే ముందే మార్చమని ఉంటే ఆ లెక్కే పాటించండి.

ఈ పని ఇంటి దగ్గర చేసుకోవచ్చు. బోల్టు విప్పడం, కారనివ్వడం, కొత్తది పోయడం వరకు పెద్ద కష్టమేమీ లేదు. గేర్‌బాక్స్ బాగుపడేదీ, పాడయ్యేదీ రెండే చోట్ల: సరైన ఆయిల్ తేవడంలో, సరైన లెవెల్ పెట్టడంలో. అందుకే ఆ రెండింటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ముందు మీది ఏ ఆటోమేటిక్కో తేల్చుకోండి

క్లచ్ పెడల్ లేని ప్రతి బండినీ మనం ఆటోమేటిక్ అనేస్తాం. లోపల మాత్రం నాలుగు రకాలు. మారుతి ఏజీఎస్, టాటా టియాగో ఏఎంటీ లాంటివి అసలు చేత్తో మార్చే మామూలు గేర్‌బాక్సులే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మనిషికి బదులు ఒక యాక్చుయేటర్ చేస్తుంది. వాటిలో పోసేది మామూలు గేర్ ఆయిల్. ఇక్కడ చెప్పే పద్ధతి వాటికి కాదు. రెండు క్లచ్‌లతో నడిచే డీసీటీ, డీఎస్‌జీ ఉన్న బండ్లని కంపెనీ స్కానర్ ఉన్న చోటికే తీసుకెళ్ళండి.

ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్, క్రెటా డీజిల్ ఆటోమేటిక్, ఇప్పటి బ్రెజా ఆటోమేటిక్ లాంటి టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) బండ్ల కోసమే ఇది రాస్తున్నాను. గేర్లకి బదులు బెల్టు, పుల్లీలతో నడిచే హోండా సిటీ లాంటి సీవీటీలకి కూడా పని దాదాపు ఇదే, కాని ఆయిల్ పూర్తిగా వేరు. టార్క్ కన్వర్టర్ బండికి పోసే ఆయిల్ సీవీటీలో పోస్తే లోపలి బెల్టు, పుల్లీలు పాడైపోతాయి.

ఇంకో మాట. గేరు పడ్డాక ఇంజిన్ అరుస్తున్నా బండి కదలకపోవడం, డీలోకి వేస్తే రెండు మూడు సెకన్లు ఆలస్యంగా ధబ్బున పడటం లాంటివి ఇప్పటికే ఉంటే ఆయిల్ మార్పుతో అవి పోతాయని ఆశ పెట్టుకోకండి. ముందు మంచి మెకానిక్‌కి చూపించండి. వారంటీలో ఉన్న బండి అయితే ఇంటి దగ్గర విప్పనే వద్దు.

ఆయిల్ కొనేటప్పుడు

ఇంజిన్ ఆయిల్ ప్రధానంగా అరుగుదల ఆపుతుంది. ఈ ఆయిల్ పని అంతకంటే ఎక్కువ. లోపలి వాల్వులని ప్రెషర్‌తో నడిపేది ఇదే, వేడిని బయటికి మోసేది ఇదే. అన్నిటికంటే ముఖ్యంగా, గేరు పడేటప్పుడు లోపలి క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి ఎంత జారుతూ పట్టుకోవాలో నిర్ణయించేదీ ఇదే. ఆ జారుడు కొంచెం ఎక్కువైతే ప్లేటు కాలుతుంది, తక్కువైతే ప్రతి గేరుకీ బండి కుదుపు ఇస్తుంది. ఈ గుణం కోసమే ఒకప్పుడు అమెరికాలో ఈ ఆయిల్లో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1973లో అక్కడ అంతరించిపోతున్న జీవుల చట్టం వచ్చాక అది ఆగిపోయి, కంపెనీలు బదులు రసాయనాలు వెతుక్కున్నాయి. ఇప్పుడు ఒక్కో కంపెనీకి ఒక్కో పాళ్ళు. అందుకే ఆయిల్ పేరు అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి.

టొయోటా డబ్ల్యూఎస్, హ్యుందాయ్-కియా ఆరు గేర్ల ఆటోమేటిక్‌కి ఎస్పీ-4, హోండా సీవీటీకి హెచ్‌సీఎఫ్-2, నిస్సాన్ సీవీటీకి ఎన్ఎస్-3. మీ బండికి ఏదో మాన్యువల్‌లోని ఆయిల్స్ పట్టికలో రాసి ఉంటుంది. ఆ పేజీని ఫోన్లో ఫోటో తీసుకుని వెళ్ళండి. ఆటోనగర్‌లో కౌంటర్ దగ్గర నిలబడ్డప్పుడు "అన్నిటికీ ఇదే వేస్తాం సార్, ఏం కాదు" అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. ఎర్రగా ఉంది కదా అని తెచ్చేసుకోకండి. ఆ ఎరుపు కేవలం రంగు కలపడం వల్ల వచ్చింది, కారినప్పుడు ఇంజిన్ ఆయిల్ కాదని గుర్తుపట్టడానికి. నాణ్యతతో దానికి సంబంధం లేదు. వేరే బ్రాండు కొనొచ్చు, కాని డబ్బా వెనక మీ బండి స్పెసిఫికేషన్ పేరుతో సహా రాసి ఉండాలి. మూత సీలు చూసుకోండి, బిల్లు తీసుకోండి.

ఒకసారి కారిస్తే చాలా బండ్లలో మూడు నుంచి నాలుగు లీటర్లు వస్తుంది. లెవెల్ చూసేటప్పుడు కొంత బయటికి పోతుంది కాబట్టి అయిదు లీటర్లు దగ్గర పెట్టుకోండి. బోల్టులకి కొత్త వాషర్లు తప్పనిసరి. పాత వాషర్ తిప్పి వేసి ఓ రెండు వందలు మిగుల్చుకోవడం ఈ పనిలో అనవసరమైన తెగింపు.

చోటు, సామాను

విశాఖలో ఈ పనికి అసలు చిక్కు చదునైన నేల దొరకడం. సీతమ్మధార, ఆరిలోవ లాంటి చోట్ల చాలా వీధులు వాలే. అపార్ట్‌మెంట్ సెల్లార్ చూడటానికి చదునుగా ఉన్నా నీళ్ళు పోవడానికి ఒక పక్కకి వాలు పెట్టి ఉంటారు. బండి ఒక పక్కకి ఒరిగితే ఆయిల్ లెవెల్ తప్పు చూపిస్తుంది. తాపీమేస్త్రీలు వాడే రసమట్టం ఒకటి తెచ్చి, బండిని లేపాక డోరు కింద గుమ్మం అంచు మీద పొడవుకీ, రెండు పక్కలకీ అడ్డంగా వేసిన వంకర లేని బద్ద మీద అడ్డానికీ పెట్టి చూడండి. బుడగ నడిమికి వస్తేనే ముందుకెళ్ళండి.

సెల్లార్‌లో ఈ పని వద్దనడానికి ఇంకో కారణం ఉంది. లెవెల్ చూసేటప్పుడు ఇంజిన్ నడుస్తూ ఉండాలి, మీరు కింద పడుకుని ఉండాలి. గాలాడని చోట ఆ పొగ ప్రాణం తీస్తుంది. ఆరుబయటే చేయండి.

బండిని జాకీ మీద వదిలి కిందికి దూరొద్దు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు అసలొద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. నాలుగు జాకీ స్టాండ్లు, మాన్యువల్‌లో చూపించిన చోట్లనే, నాలుగూ ఒకే ఎత్తులో. దించాక బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. ఎత్తైన ఎస్‌యూవీ అయితే లేపకుండానే చెయ్యి అందొచ్చు, అది మరీ మంచిది.

మిగతా సామాను: సాకెట్ సెట్టు, అలెన్ కీలు, బిగింపు కొలిచే టార్క్ రెంచ్, పొడవాటి గొట్టం ఉన్న గరాటు, వెడల్పాటి టబ్బు, గ్లవ్స్, పోగులు రాలని గుడ్డలు, కొలత గీతలున్న జగ్గు, ఓబీడీ స్కానర్. ఈ చివరిది బండికి తగిలిస్తే బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిసే చిన్న ముక్క. గేర్‌బాక్స్ ఆయిల్ ఎంత వేడిగా ఉందో చెప్పే యాప్ మీ బండికి పనిచేస్తుందో లేదో ముందు రోజే చూసుకోండి. టెంపరేచర్ గన్‌తో పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) మీద కొట్టి చూడొచ్చు గాని, అది బయటి రేకు వేడి మాత్రమే చెబుతుంది, లోపల ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది.

కార్చడం

వేసవిలో అయితే తెల్లవారి అయిదున్నరకే మొదలుపెట్టండి. చల్లటి దేశాల వాళ్ళు చెప్పే పద్ధతుల్లో ముందు ఇరవై నిమిషాలు బండి నడపమని ఉంటుంది. మనకి అంత అక్కర్లేదు. మే నెలలో రాత్రంతా ఆగిన బండిలో కూడా ఆయిల్ ముప్పై డిగ్రీల దగ్గర ఉంటుంది. కాలనీలో అయిదు నిమిషాలు తిప్పితే చాలు. ఎక్కువ వేడెక్కిస్తే చేతులు కాలడమే కాదు, తర్వాత లెవెల్ చూడటానికి గంటలు ఎదురుచూడాలి.

బండి ఆపి, పీలో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, లేపండి. కింది ప్లాస్టిక్ కవచం తీసి, గేర్‌బాక్స్ బోల్టుల చుట్టూ గుడ్డతో తుడవండి. పోర్టు వైపు జ్ఞానాపురం, వన్‌టౌన్‌లలో ఉండేవాళ్ళకి ఆ నల్లటి దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. అది చిటికెడు లోపలికి వెళ్ళినా సన్నటి వాల్వులకి మంచిది కాదు. గరాటు కూడా వాడేదాకా కవర్లోనే ఉంచండి.

ఇప్పుడు ఈ పనిలో మొదటి నియమం: పోసే బోల్టు ఊడొచ్చాకే, కార్చే బోల్టు విప్పండి. ఉన్నదంతా కార్చేశాక పై బోల్టు రాకపోతే బండి అక్కడే నిలిచిపోతుంది. సముద్రం పక్క బండ్లలో ఈ బోల్టులు తుప్పు పట్టి పట్టేసి ఉంటాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. అలెన్ గుంతలోని మట్టి సూదితో గీకి, కీని అడుగుదాకా దింపాకే బలం పెట్టండి. సగం దిగిన కీతో తిప్పితే లోపలి అంచులు అరిగి గుండ్రమైపోతాయి, ఆ తర్వాత వెల్డింగ్ షెడ్డే దిక్కు.

కార్చే బోల్టు ఏదో మాన్యువల్ బొమ్మ చూసి ఖాయం చేసుకోండి. పక్కనే ఉండే ఇంజిన్ ఆయిల్ బోల్టుతో తికమకపడటం మామూలే. కొన్ని బండ్లలో కార్చడానికి ఒకటి, లెవెల్ చూడటానికి ఒకటి వేరుగా ఉంటాయి. టొయోటా వాటిలో చాలావరకు ఒకటే రంధ్రం. బోల్టు తీస్తే కొంచెమే కారి ఆగుతుంది. లోపల చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, అలెన్ కీతో దాన్ని కూడా విప్పితేనే మొత్తం వస్తుంది.

ధార తగ్గి చుక్కలయ్యేదాకా ఓ అరగంట వదిలేయండి. ఒక్క చుక్క కూడా పారబోయొద్దు, ముందు కొలవాలి. జగ్గులోకి వంచి, ఎంత వచ్చిందో కాగితం మీద రాసుకోండి. పోయడానికి ఆధారం ఆ అంకే. కాని పాత బండిలో లీకు వల్ల ముందే తక్కువై ఉండొచ్చు కాబట్టి అదే చివరి మాట కాదు.

ఇప్పుడు ఆ ఆయిల్ ఏం చెబుతోందో చూడండి. తెల్లటి టిష్యూ మీద ఒక చుక్క వేయండి. ముదురు ఎరుపో, గోధుమ రంగో అయి చుట్టూ సమంగా పాకితే వయసు వల్ల వచ్చిన మార్పే. నల్లగా ఉండి, మాడు వాసన కొడుతూ, చుక్క మధ్యలో మచ్చ నిలిస్తే క్లచ్ ప్లేట్లు కాలాయని అర్థం. రోజ్ మిల్క్ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయి. రేడియేటర్‌లో ఈ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ కారి ఉండొచ్చు, లేదా తుఫాను వానల్లో బండి నీళ్ళలో నిలబడి ఉండొచ్చు. అప్పుడు పని అక్కడే ఆపి, ఇంజిన్ వేయకుండా టోయింగ్ చేయించి షెడ్డుకి చేర్చండి.

కార్చే బోల్టు చివర, లేదా పాన్ లోపల అయస్కాంతం ఉంటే దాన్ని తుడవండి. బూడిద రంగు మెత్తటి పేస్టు అంటుకుని ఉంటుంది. రెండు వేళ్ళ మధ్య రుద్దితే గరుకు తగలకూడదు. అది మామూలు అరుగుదల. గోరుతో పట్టుకోగలిగే ముక్కలు, మెరిసే రేకులు కనిపిస్తే వాటిని చిన్న కవర్లో వేసి మెకానిక్‌కి చూపించండి.

పాన్ విప్పి ఫిల్టర్ మార్చాలా? బయటికి పాన్ ఉన్న బండ్లలో మారిస్తే మంచిదే. పాన్ బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం విప్పాలి, ప్యాకింగ్ కొత్తది వేయాలి, బిగింపు పది న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే, చాలా తక్కువ. హ్యుందాయ్ ఆరు గేర్ల వాటిలాంటి కొన్నిట్లో ఫిల్టర్ గేర్‌బాక్స్ పొట్టలో ఉంటుంది. ఆయిల్ మార్చేటప్పుడు దాని జోలికి పోరు.

పోయడం, లెవెల్ పెట్టడం

లోపలి ప్లాస్టిక్ గొట్టం విప్పి ఉంటే ముందు దాన్ని తిరిగి పెట్టండి. కార్చే బోల్టుకి కొత్త వాషర్ వేసి, ముందు చేత్తో మరలు పట్టించి, తర్వాత టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్నంతే బిగించండి. గేర్‌బాక్స్ ఒళ్ళు అల్యూమినియం. బలంకొద్దీ బిగిస్తే మర పోతుంది. గరాటుతో, కార్చినంత ఆయిల్, పైన ఓ పావు లీటరు పోయండి.

ఇక్కడితో అయిపోయిందని చాలామంది మూత పెట్టేస్తారు. అసలు పని ఇప్పుడే మొదలు. ఆయిల్ వేడికి పెరుగుతుంది. ఏడు లీటర్లు పట్టే గేర్‌బాక్స్‌లో 40 డిగ్రీలకీ 90 డిగ్రీలకీ మధ్య తేడా పావు లీటరు పైనే ఉంటుంది. తక్కువైతే పంపు గాలి పీల్చి ప్లేట్లు జారతాయి. ఎక్కువైతే తిరిగే గేర్లు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి, నురగకి ప్రెషర్ ఉండదు. కాబట్టి లెవెల్ ఎప్పుడూ ఫలానా వేడి దగ్గర, ఇంజిన్ నడుస్తుండగా చూడాలి.

లోపల ఇంకొకరు కూర్చోవాలి. తమ్ముడో, బావమరిదో, ఎదురింటి కుర్రాడో, డ్రైవింగ్ బాగా వచ్చినవాళ్ళయితే చాలు. మీరు బండికి పక్కగా, దూరంగా నిలబడి చెప్పండి: "తమ్ముడూ, బ్రేకు గట్టిగా తొక్కి స్టార్ట్ చెయ్యి. ఇప్పుడు రివర్స్... అయిదు లెక్కపెట్టు... న్యూట్రల్... డీ... మళ్ళీ పీ." ఇలా రెండు మూడుసార్లు తిప్పితే ఆయిల్ అన్ని దారుల్లోకీ చేరుతుంది. గేర్లు మారుస్తున్నంతసేపు బండి కింద ఎవరూ ఉండకూడదు. పీలోకి వచ్చి హ్యాండ్ బ్రేక్ పడ్డాకే కిందికి వెళ్ళాలి, అయినా సరే లోపలి మనిషి బ్రేకు మీద నుంచి కాలు తీయకూడదు, లివర్ ముట్టుకోకూడదు.

ఫోన్లో వేడి చూస్తూ ఉండండి. చాలా టొయోటా బండ్లకి 35 నుంచి 45 డిగ్రీల మధ్య, హ్యుందాయ్ ఆరు గేర్ల వాటికి 50 నుంచి 60 మధ్య చూడాలి. మీ బండి అంకెలు మాన్యువల్‌వే నమ్మండి. 35-45 బండ్లకి మన ఎండలో టైము ఇట్టే దాటిపోతుంది, అందుకే తెల్లవారి మొదలుపెట్టమన్నాను. దాటిపోతే కంగారు పడి బోల్టు తీసేయొద్దు. ఇంజిన్ ఆపి, చల్లారాక మళ్ళీ చూడండి.

సరైన వేడి రాగానే, ఇంజిన్ నడుస్తుండగానే లెవెల్ బోల్టు విప్పండి. మొదట సన్నటి ధార వస్తుంది, తర్వాత తెగి తెగి పడుతుంది, ఆ తర్వాత చుక్క చుక్కగా. ఆ చుక్కల దగ్గరే బోల్టు పెట్టేయాలి. అసలేమీ రాకపోతే తక్కువుందని అర్థం. బోల్టు తెరిచే ఉంచి, పై నుంచి కొంచెం కొంచెంగా పోయండి, కింద కారడం మొదలయ్యేదాకా. డిప్‌స్టిక్ ఉన్న బండి అయితే పని సులువు. బండి బాగా నడిపి వేడయ్యాక, ఇంజిన్ ఆన్‌లో, పీలో ఉంచి, పుల్ల తుడిచి ముంచి తీసి, హాట్ గీతల మధ్య ఉందో లేదో చూడాలి.

పై బోల్టు కూడా కొత్త వాషర్‌తో బిగించి, గేర్‌బాక్స్ ఒంటి మీద కారిన ఆయిల్ అంతా తుడిచేయండి. లేకపోతే రేపు చూసినప్పుడు అది లీకో, పాత మరకో తెలియక టెన్షన్ పడతారు. మొదటి రోజు కొండ రోడ్లెక్కకుండా ఊళ్ళోనే నెమ్మదిగా తిప్పండి. గేర్లు కొంచెం తేడాగా పడ్డా కొన్ని రోజుల్లో కంప్యూటర్ సర్దుకుంటుంది. మర్నాడు పొద్దున్న బండి కింద అట్టముక్క వేసి ఉంచితే ఎర్ర చుక్కలు పడ్డాయో లేదో తెలిసిపోతుంది.

సగమే మారింది

టార్క్ కన్వర్టర్‌లో ఉన్న ఆయిల్ ఈ పద్ధతిలో బయటికి రాదు. ఏడు లీటర్ల గేర్‌బాక్స్‌లో మూడున్నర కారిస్తే కొత్తది సగం. అయిదారు వందల కిలోమీటర్లు నడిపాక ఇదే పని మళ్ళీ చేస్తే ముప్పావు వంతు కొత్తదవుతుంది. మూడోసారికి దాదాపు 87 శాతం. మొదటిసారి మారుస్తున్న పాత బండికి రెండుసార్లు చేయమంటాను. మెషీన్ పెట్టి ఒక్క దెబ్బకి మొత్తం లాగేసే ఫ్లష్ కంటే, ఏళ్ళ తరబడి ఆయిల్ మార్చని గేర్‌బాక్స్‌కి ఇదే భద్రం.

పాత ఆయిల్‌ని వీధి కాలవలో పోయొద్దు. మన ఊళ్ళో కాలవలు గెడ్డల్లో కలుస్తాయి, గెడ్డలు సముద్రానికో హార్బరుకో పోతాయి. వాడిన ఆయిల్ 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాల్లోనే తిరిగి పోసి, మూత బిగించి, మీద "వాడినది" అని మార్కర్‌తో రాసి, పాత ఆయిల్‌ని రీసైక్లింగ్‌కి ఇచ్చే షెడ్డులో అప్పజెప్పండి. కూలెంట్, పెట్రోలు అందులో కలపొద్దు, కలిస్తే వాళ్ళు తీసుకోరు. నేల మీద ఒలికిన దాని మీద రంపపు పొడి చల్లి, గంట ఆగి ఊడ్చి, ఆ పొడిని విడిగా కవర్లో కట్టి డబ్బాలతో పాటే ఇవ్వండి.